మంచు లేని డబ్బా

మేం చేసిన పని

ల్యాబు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎప్పుడైనా జగిత్యాలలో మా ఇంటికి వస్తే ముందుగా మిషన్ల గురించి అడుగుతారు. ఏవేవి వాడారు, ఇప్పటివాటికన్నా ఎంత పాతవి అని. వాటి పేర్లు నేను సగం మరిచిపోయాను. చలికి మొద్దుబారిన వేళ్లు, కరెంటు పోగానే పుట్టే దడ, కోరుట్ల బస్సులో నిలబడి చేసిన ప్రయాణాలు మాత్రం గుర్తున్నాయి. ఇప్పటికీ వంటింట్లో ఫ్రిజ్ చప్పుడు ఆగితే లేచి వెళ్లి చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ, ఆయన ఎన్నడూ మైనస్ ఎనభై డిగ్రీల పెట్టెకు కాపలా ఉండలేదు.

కోరుట్ల దగ్గర ఒక చిన్న పరిశోధన కేంద్రంలో నేను టెక్నీషియన్‌గా పనిచేశాను. కణాలు పెంచే గది నా చేతిలో ఉండేది. ప్రమోషన్లూ సన్మానాల సంగతి ఇక్కడ రాయను, వాటి వల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు. నేర్చుకున్నది ఒక తప్పు వల్ల. ఆ తప్పు నాదే. అది అర్థం కావాలంటే ముందు మా పనేమిటో చెప్పాలి.

మనిషి శరీరంలో వేల జన్యువులున్నాయి. ఒక్కొక్కటి ఏం పని చేస్తుందో తెలుసుకోవాలంటే, దాన్ని కణంలోకి పంపి చూడాలి. కానీ కణంలో అప్పటికే బోలెడన్ని ప్రోటీన్లు ఉంటాయి, మనం పంపిన జన్యువు తయారుచేసింది ఏదో గుర్తుపట్టేదెట్లా? అందుకని జన్యువు చివర ఒక చిన్న గుర్తు కలుపుతారు. చాకలివాళ్లు బట్ట అంచున పెట్టే గుర్తులాంటిదే. ఆ గుర్తును మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేస్తే, మన ప్రోటీన్ ఉన్నచోట ఫిల్ము మీద ఒక నల్లని పట్టీ పడుతుంది. పట్టీ పడిందంటే జన్యువు లోపలికి పోయింది, పనిచేస్తోంది అని లెక్క.

జన్యువు తనంతట తాను కణంలోకి పోదు. మేం వాడిన ఊపిరితిత్తుల కణాలైతే మరీ మొండివి. వాటిలోకి మోసుకుపోవడానికి లెంటివైరస్ కావాలి. వైరస్ లోపలున్న సొంత సరుకు చాలావరకు తీసేసి, మన గుర్తు పెట్టిన జన్యువును అందులో ఉంచుతారు. అది కణంలో దూరి, సరుకు అప్పజెప్పి ఊరుకుంటుంది. దానికి మళ్లీ పుట్టే శక్తి ఉండదు. ఈ వైరస్ రేణువులను మేం తయారుచేసేవాళ్లం కాదు, విదేశం నుంచి చిటికెన వేలంత సీసాల్లో వచ్చేవి. హైదరాబాదు నుంచి థర్మోకోల్ డబ్బాలో, చుట్టూ డ్రై ఐస్ పోసి పంపేవారు. నీరు కాకుండా నేరుగా పొగైపోయే తెల్లని మంచు అది. ఆ మంచు అయిపోయి సీసాలోది కరిగి, వేడెక్కి, మళ్లీ గడ్డకట్టిందంటే అందులోని వైరస్ దాదాపు చచ్చినట్టే. కంటికి మాత్రం ఏ తేడా కనిపించదు. ముందెట్లా ఉందో తర్వాతా అట్లాగే ఉంటుంది.

లచ్చవ్వ ప్రశ్న

మా గది ఊడ్చే లచ్చవ్వది ధర్మపురి దగ్గరి ఊరు. ఈ వైరస్ ఎయిడ్స్ వైరస్‌కు చుట్టమని ఎవరో ఆమె చెవిన వేశారు. ఆ మాటలో అబద్ధం లేదు. మర్నాడు చీపురుతో సహా గడప బయటే నిలబడింది.

"నేను లోపటికి రాను సరోజనా. నాకు మనుమలున్నరు."

"దాని సామానంత తీసేసిండ్రవ్వా. అది మళ్ల పుట్టది. ఇండ్ల భయపడేటిదేం లేదు."

"భయం లేకపోతె నువ్వెందుకు రెండు జతల గ్లౌజులు ఏసుకున్నవ్?"

మళ్లీ పుట్టకపోయినా ఒక్కసారి కణంలో దూరగలదు, ఆ కణం మనదైనా సరే. అందుకే గ్లౌజులు. అదంతా చెప్పి, ఆమెకూ ఒక జత తొడిగాకే లోపలికి వచ్చింది. చదువుకున్నవాళ్లు ఇట్లాంటి ప్రశ్న అడగరు. కాగితం మీద సురక్షితం అని రాసి ఉంటే వాళ్లకు చాలు. లచ్చవ్వకు చదువు రాదు కాబట్టి కాగితం కాకుండా నా చేతుల వంక చూసింది.

రుక్సానా

రుక్సానాది జగిత్యాల. వాళ్ల నాన్న దర్జీ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, నోట్‌బుక్‌లో ఇంగ్లీషు. మా కేంద్రంలో పరిశోధన విద్యార్థిగా చేరిన రోజే నన్ను అక్కా అని పిలిచింది. ఇద్దరం జగిత్యాల నుంచి ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. వాళ్ల నాన్న కొలతలు తీసే పద్ధతి ఆమె చేతిలోకీ వచ్చింది. చుక్కలు కొలిచే పిప్పెట్ పట్టుకుంటే చెయ్యి వణికేది కాదు. అంత నిదానమైన చెయ్యి నా ఉద్యోగ జీవితంలో మరొకటి చూడలేదు.

ఆమె ఎంచుకున్న విషయం దూది దుమ్ము. ఆ దుమ్ము తగిలినప్పుడు ఊపిరితిత్తుల కణాలు ఎందుకు వాస్తాయి, ఒక జన్యువును ఎక్కువగా పనిచేయిస్తే ఆ వాపు తగ్గుతుందా అన్నది ఆమె ప్రశ్న. నేను సిరిసిల్లలో పుట్టాను. మా నాన్న పవర్‌లూముల మీద బతుకంతా గడిపి, దగ్గి దగ్గి పోయాడు. ఆ సంగతి బస్సులో చెప్పినప్పుడు రుక్సానా సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. తర్వాత, "ఆ దగ్గు ఎట్లుండేదక్కా? పొడిగనా, తెమడతోనా?" అని అడిగి రాసుకుంది. జాలి పడుతుందనుకున్న నాకు ఆ ప్రశ్న జాలికన్నా ఎక్కువగా నచ్చింది.

మా డైరెక్టరును అందరం పెద్దసారు అనేవాళ్లం. ఇబ్రహీంపట్నం వైపు ఒకప్పటి దొరల కుటుంబం. పనిలో గట్టివాడు, నోరు మాత్రం కత్తెర. తెలంగాణ ఉద్యమమంటే ఆయనకు వేళాకోళం. "సమ్మెలు చేసి, రోడ్ల మీద వంటలు చేసి ఏం సాధిస్తరు?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. వయసులో పెద్ద, పదవిలో పెద్ద, ఏమంటాను? పళ్లు కొరుక్కుని ఊరుకునేదాన్ని.

సిరిసిల్ల రోడ్డు మీద

ఆ రోజుల్లో ఉద్యమంలో భాగంగా ఊరూరా వంటావార్పు జరిగేది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లను కదలనిచ్చేవాళ్లు కాదు. మా అన్న వాళ్లింటికి వెళ్లిన నేను, సిరిసిల్లలో అది జరిగిన రోజు రోడ్డు మీదే ఉన్నాను. మా వదినతో కలిసి గంపెడు వంకాయలు తరిగాను. నడినెత్తిన ఎండ. అడ్డంగా కూర్చున్న ఆడవాళ్ల వెనుక లారీలు, కార్లు, కొరియర్ బండ్లు కనుచూపుమేర ఆగిపోయాయి. డ్రైవర్లను పిలిచి మరీ అన్నం పెట్టాం. అంత సంతోషం నేను నా పెళ్లిలో కూడా ఎరగను. అక్కడ కూర్చున్నందుకు నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు.

మర్నాడు పొద్దున్నే కోరుట్ల వెళ్లాను. కాసేపటికి మల్లేశం వచ్చాడు. హైదరాబాదు నుంచి మాకు డబ్బాలు తెచ్చే కొరియర్ డ్రైవర్ అతను.

"నిన్ననే రావాలె మేడం. సిరిసిల్ల కాడ ఆపేసిండ్రు. పొద్దుగూకినంక ఇడిచిపెట్టిండ్రు. గని మస్తు బువ్వ పెట్టిండ్రు. పప్పుచారు, వంకాయ కూర."

ఆ వంకాయలు తరిగిన చెయ్యితోనే నేను అతని కాగితం మీద సంతకం పెట్టాను. మా దగ్గర అలవాటు అది. ముందు సంతకం, తర్వాత తెరవడం. డ్రైవర్లకు తొందర, మాకు మొహమాటం. కాగితంలో "డ్రై ఐస్ ఉంది" అన్నచోట టిక్కు కూడా చెయ్యి దానంతటదే పెట్టేసింది. రిజిస్టరులోనూ అదే మాట రాశాను. మల్లేశం వెళ్లిపోయాక డబ్బా తెరిచాను. లోపల మంచు లేదు, పొగ లేదు. అడుగున వెచ్చని అట్టపెట్టె ఉంది. అందులో సీసాలు. ఒకదాన్ని వంచి చూస్తే లోపలి ద్రవం అటూ ఇటూ పారింది.

అవి రుక్సానా జన్యువు ఉన్న సీసాలు. ఆమె నెలల తరబడి ఎదురుచూసినవి.

గట్టిగనే ఉన్నది

అప్పుడే పెద్దసారు తలుపు దగ్గరికి వచ్చాడు. బండి ఎందుకు ఆలస్యమైందో ఆయనకు ముందే తెలిసినట్టుంది. నవ్వుతున్నాడు.

"సరోజనా, మీవోళ్ల వంటల వైరస్ గిట్ల ఉడికిందా ఏంది? చూసినవా?"

పక్కన ఇద్దరు స్కాలర్లు కిసుక్కున నవ్వారు. నా ముఖం వేడెక్కింది.

"మంచిగనే ఉన్నది సార్. గట్టిగనే ఉన్నది" అన్నాను.

అంతే. అంత చిన్న మాట. ఆయన వెళ్లిపోయాడు. నేను సీసాలు తీసుకెళ్లి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. కాసేపట్లో అవి నిజంగానే గట్టిపడ్డాయి. రిజిస్టరులో రాసినదాన్ని కొట్టేసి పక్కన ఉన్నమాట రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. రాస్తే ఆ నవ్వు మళ్లీ వినాలి. మా రోడ్డు, మా పొయ్యి, మా వదిన చెమట, అన్నీ ఆయన నోట్లో పడాలి. ఉద్యమం పరువు నేనే కాపాడుతున్నాననుకున్నాను. అంత పెద్ద ఉద్యమానికి నా అబద్ధంతో పనేమిటో నాకప్పుడు తట్టలేదు.

వారంలో చెబుదాం అనుకున్నాను. మొత్తం చచ్చి ఉండదు, కొంతైనా మిగిలి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వారం నెలైంది. ఆలస్యమైనకొద్దీ నిజం బరువెక్కి, నోటి దాకా రావడం మానేసింది.

ఏడాది

రుక్సానా మొదటిసారి చేసింది. పట్టీ పడలేదు. కొత్త కణాలతో చేసింది. పడలేదు. వైరస్ మోతాదు పెంచింది, యాంటీబాడీ మార్చింది, కణాలు పెంచే ద్రవం మార్చింది. ఫిల్ము ప్రతిసారీ తెల్లగానే వచ్చింది.

అదే సమయంలో సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు ఆగి కరెంటు కోతలు ఎక్కువయ్యాయి. జనరేటరు డీజిలు కోసం నేను జగిత్యాల, కోరుట్ల మధ్య తిరగని బంకు లేదు. లోలోపల ఒక పాపపు ఆశ కూడా ఉండేది. కరెంటు కోతల వల్లే చెడిపోయాయని అందరూ అనుకుంటే నేను బయటపడతాను కదా అని. కానీ అదే ఫ్రీజర్‌లో మరో వైరస్ ఉంది. కణంలోకి పోయిందో లేదో తెలియడానికి ఆకుపచ్చగా వెలిగే వైరస్, పరీక్షకు తోడుగా వాడేది. అది చాలా ముందు వేరే డబ్బాలో, మంచులోనే వచ్చింది. రుక్సానా చేతిలో అది ప్రతిసారీ చక్కగా వెలిగింది. అంటే ఫ్రీజర్ బాగుంది, కణాలు బాగున్నాయి. రిజిస్టరు ప్రకారం సీసాలూ బాగున్నాయి. ఇక మిగిలింది మనిషే.

పెద్దసారు సమావేశంలో అనేశాడు, "ఆకుపచ్చ వైరస్ మీద ఉన్న శ్రద్ధ అసలు దాని మీద లేనట్టున్నది." రుక్సానా తల దించుకుంది. నేను ఆమె పక్క కుర్చీలోనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ రోజు బస్సులో ఆమె తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది. "నా చెయ్యి మంచిది గాదేమోనక్కా. నాకు తెల్వకుంటనే ఏదో తప్పు చేస్తున్న" అంది. ఏం కాదులే, మళ్లీ చూద్దాం అన్నాను. మంచి మాట చెప్పినట్టు కూడా అనుకున్నాను. ఇంత పిరికితనం నాలో ఉందని నాకే తెలియదు.

ఆమె ఫెలోషిప్ గడువు ముగిసింది. పొడిగించాలంటే ఒక్క పట్టీ అయినా చూపాలి. చూపలేక జగిత్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పడానికి చేరింది. వెళ్లేముందు తన నోట్‌బుక్‌లు నాకు అప్పజెప్పింది. చివరి పేజీలో, విఫలమైన కారణం అన్నచోట, పొందికైన అక్షరాలతో రాసి ఉంది: "నా చేతి లోపం కావచ్చు. వచ్చినప్పుడు వైరస్ మంచి స్థితిలో ఉన్నట్టు రికార్డు ఉంది."

ఆ పేజీనే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నాను. లచ్చవ్వ వచ్చి ఊడుస్తూ, "కాళ్లు దియ్యి సరోజనా" అనేదాకా అక్కడే ఉన్నాను.

పెద్దసారు గదిలో

మర్నాడు ఆయన గదికి వెళ్లి నిలబడ్డాను.

"సార్, గా డబ్బ వచ్చిననాడు మంచు లేకుండె. సీసాలు కరిగినయి. గట్టిగ ఉన్నయని మీకు అబద్ధం చెప్పిన."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎందుకు చెప్పినవ్?"

"మీరు మా వంటల మీద నవ్విండ్రు సార్."

"నేను నవ్వుత. అందరి మీద నవ్వుత, నాకు గది అలవాటు. నా నవ్వుకు గా పిల్ల ఏడాది బలిబెట్టినవా?"

కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఆయనే అన్నాడు. "నా తప్పు గూడ ఉన్నది. రిజిస్టర్ చూసిన, గని డబ్బ తెచ్చినోన్ని అడగలే. ఆమెకు చెప్పినవా?"

"లేదు సార్."

"నాకన్న ముందు ఆమెకు చెప్పవలసి ఉండె."

నేను ఆయన్ని ఏళ్ల తరబడి తప్పుగా లెక్కేశాను. నోరు దురుసైన మనిషికి నిజం చెప్పలేమని ఎందుకనుకున్నానో. చెబితే విన్నాడు. మీ పైవాళ్లు ఎంత కటువైనవాళ్లయినా సరే, డబ్బా తెరిచిన రోజే చెప్పండి. ఆ రోజు పడే తిట్లు ఆ రోజుతో పోతాయి.

ఆయన కొత్త సీసాలు తెప్పించే ఏర్పాటు చేశాడు. రుక్సానాకు ఫోన్ చేసి మళ్లీ రమ్మన్నాడు. పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి, మాట ఇచ్చాను, రాలేను అందట. కారణం మాత్రం ఆయన చెప్పలేదు. "గా పని నీది" అని నాకు వదిలేశాడు.

కొత్త డబ్బా వచ్చిన రోజు మల్లేశాన్ని నిలబెట్టి, ముందు మూత తెరిచాను. తెల్లని పొగ ముఖానికి తగిలింది. సీసాలు రాళ్లలా ఉన్నాయి. అప్పుడు సంతకం పెట్టాను. "ఎన్నడు లేంది ఇయ్యాల ఏంది మేడం?" అని అతను విసుక్కున్నాడు. తర్వాత రుక్సానా నోట్‌బుక్ ముందు పెట్టుకుని, ఆమె రాసినట్టే, ఒక్క అడుగు కూడా మార్చకుండా చేశాను. డార్క్‌రూములో ఫిల్ము కడుగుతుంటే మొదటిసారికే పట్టీ తేలింది. నల్లగా, నిండుగా, ఉండాల్సిన చోటనే. లోపం ఆమె చేతిలో లేదని ఫిల్ము చెప్పింది. నాకు సంతోషం రాలేదు, ఏడుపు వచ్చింది.

జగిత్యాల కాలేజీలో

ఫిల్మును కవరులో పెట్టుకుని ఆమె కాలేజీకి వెళ్లాను. స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది, చాయ్ తెప్పించింది. నేను కూర్చోకుండానే అంతా చెప్పేశాను. సిరిసిల్ల రోడ్డు, వంకాయలు, తెరవకుండా పెట్టిన సంతకం, మంచు లేని డబ్బా, నా నోటి నుంచి వచ్చిన మాట, బస్సులో దాచుకున్న మౌనం. ఏదీ మినహాయించలేదు.

ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

"నాకు రెండుసార్లు అనుమానం వచ్చిందక్కా" అంది చివరికి. "రిజిస్టర్ తీసి చూసిన. నీ సంతకం ఉన్నది. సరోజనక్క రాసిందంటె నిజమే ఉంటదనుకున్న. అందుకే ఇగ నన్ను నేను అనుమానపడ్డ."

కోపంగా అన్నా బాగుండేది. తిట్టినా బాగుండేది. చాయ్ చల్లారిపోతోందని గ్లాసు నావైపు జరిపింది. నేను ఫిల్ము ఇచ్చాను. కిటికీ దగ్గరికి వెళ్లి వెలుగుకు ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. ఆ చెయ్యి అప్పుడు కూడా వణకలేదు.

"ఎంత మంచిగ వచ్చింది" అంది మెల్లగా.

"నువ్వు రాసినట్టే చేసిన బిడ్డా. గిది నీదే. ఉంచుకో."

ఆమె ఫిల్మును జాగ్రత్తగా కవరులో పెట్టి బల్ల మీద ఉంచింది. గంట మోగింది. చాక్‌పీసులు తీసుకుంది, హాజరు పుస్తకం చంకలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది.

"ఈసారి డబ్బ తెరిచి చూసినంకనే సంతకం పెట్టినవా అక్కా?"

"చూసినంకనే పెట్టిన."

నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. లచ్చవ్వ నా చేతుల వంక చూసినట్టే. తర్వాత తిరిగి వచ్చి, బల్ల మీది కవరు తీసుకుని, హాజరు పుస్తకంలో పెట్టుకుని క్లాసుకు వెళ్లిపోయింది.